కుడివైపు లైటు

"పోస్తూ ఉండమ్మా, ఆపకు" అంటున్నాడు మావాడు, నేను పోస్తూనే ఉన్నాను. సీసా మూతకు మేకుతో చిల్లులు పొడిచి ఇచ్చాడు. అందులోంచి సన్నగా జారే నీళ్లు వాడి వేళ్ల మీద పడి, వాడు రుద్దుతున్న ఉప్పుకాగితం కిందికి దూరి, కారు హెడ్‌లైటు బుగ్గ మీదుగా పచ్చగా కారి, కింద పెట్టిన బేసిన్లోకి దిగుతున్నాయి. ఎంత పసుపో. ఇంత పసుపు ఆ ప్లాస్టిక్కులో ఎక్కడ దాక్కుందో, ఎన్నేళ్ల ఎండ తాగిందో, ఇప్పుడు ఒక్కసారిగా కక్కుతోంది. షట్టర్ కిందికి లాగేశాడు. గాలి కోసం జానెడు వదిలాడు. ఆ సందులోంచి వెలుతురు నేల మీద చారలా పడి నా పాదాల దగ్గర ఆగిపోయింది. కారు ముక్కు షట్టర్ వైపు ఉంది. ముక్కుకూ షట్టర్‌కూ మధ్య మిగిలిన కాస్త జాగాలో నా స్టూలు, బేసిను, వాడు, వాడి సామాను. ఇంట్లోకి వెళ్లే తలుపేమో కారు వెనకాల. కారుకూ గోడకూ మధ్య పిల్లి దూరుతుంది, మావాడు కడుపు లోపలికి పీల్చుకుని దూరుతాడు, నేను దూరను. మంచినీళ్లు తాగాలన్నా, ఇంకోదానికి వెళ్లాలన్నా వాడు షట్టర్ ఎత్తాల్సిందే. ఇదివరకు ఏ రిపేరు చేసుకున్నా షట్టర్ బార్లా ఎత్తిపెట్టి, వీధిలో పోయేవాళ్లందరినీ పలకరిస్తూ, పని కంటే కబుర్లే ఎక్కువ చేసేవాడు. ఇవాళ ఎందుకు దించావురా అంటే దుమ్ము పడుతుందమ్మా అన్నాడు. నీళ్లు పోసి చేసే పనికి దుమ్మేమిటని నేను అడగలేదు. వాడూ నా మొహం చూడలేదు. మధ్యాహ్నం బీమా వాళ్ల మనిషి వస్తాడు, కారు చుట్టూ తిరిగి చూస్తాడు, ప్రమాదం జరిగిన ఆ సాయంత్రం తప్పు కారుదా, కారు కింద పడ్డ మనిషిదా అని తేల్చి రాసుకుపోతాడు. అతను వచ్చేలోగా రెండు లైట్లూ కొత్తవాటిలా మెరవాలి. అందుకే ఈ నీళ్లు, ఈ చీకటి.

ఎడమవైపుదాన్ని ముందు పట్టుకున్నాడు. కుడివైపు దాని మీద ఆ మనిషి సైకిలు హ్యాండిల్ గీసిన గీత ఉంది, దాని వంక చూడకుండానే పని మొదలుపెట్టాడు. ఫోన్లో ఎవరో చేసి చూపించిన వీడియో రాత్రంతా చూశాడట, కళ్లు ఉబ్బి ఉన్నాయి. సబ్బు నీళ్లతో కడిగాడు, చుట్టూ ఉన్న రంగు గీరుకుపోకుండా టేపు అంటించాడు, దెబ్బకు కట్టు కట్టినంత జాగ్రత్తగా. ముందు ముతక కాగితం, తర్వాత కాస్త నున్నటిది, తర్వాత ఇంకా నున్నటిది, చివరిదైతే తడిపాక చేతికి గుడ్డలాగే ఉంది. ముతకదానితో రుద్దేటప్పుడు లైటు మరీ పాడైపోయినట్టు కనిపించింది, తెల్లగా పొర కమ్మి, పాలు ఒలికిన అద్దంలా. పాడుచేశావురా అన్నాను. కాదమ్మా, ముందిలాగే అవుతుంది, పైపొరంతా పోవాలి కదా అన్నాడు. పైపొరంతా పోవాలి. వీడు పుట్టినప్పుడూ పసుపే. ఒళ్లంతా, కళ్లలో తెల్లగుడ్డు కూడా. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చిన నర్సు, "భయపడకమ్మా, కామెర్లు, పొద్దుటెండ చూపించు, అదే పోతుంది" అంది. అప్పుడు మేమున్న గదికి ఒకే కిటికీ. పొద్దున కాసేపు మాత్రం ఎండ వచ్చేది, అదీ గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగిపోతూ ఉండేది, నేను పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఆ ఎండ వెంట నేల మీద జరుగుతూ ఉండేదాన్ని. బాలింతరాలివి, లేచి నడవరాదూ అని మా అత్తగారు నవ్వేది. ఆ ఎండే వాడి పసుపు తీసేసింది. అదే ఎండ ఈ ప్లాస్టిక్కుకు పసుపు పట్టించిందట, వాడే చెప్పాడు ఇందాక. మనిషికి తీస్తుంది, వస్తువుకి పెడుతుంది, ఏం ఎండో, దానికి ఒక నియమమంటూ ఉన్నట్టు లేదు. "అమ్మా, నీళ్లు." పోస్తున్నానురా, పోస్తున్నాను.

కోడలు ఎన్నిసార్లు మొత్తుకుందని. ఆ లైట్లు చూడండి, కామెర్లు వచ్చినట్టున్నాయి, వెలుగు కారు ముందు పడ్డం లేదు, కారు ఒళ్లోనే పడుతోంది అనేది. రేపు చూస్తాలే అనేవాడు. వాడి తప్పూ లేదు, బాడుగ కారు కదా, తెల్లారకముందే ఎవరినో స్టేషన్లో దింపాలి, పొద్దుపోయాక ఎవరినో ఆఫీసు నుంచి తేవాలి, కారు ఆగితే పొయ్యి ఆగుతుంది. ఒక ఆదివారం ఆ పిల్లే టూత్‌పేస్టు తెచ్చి, పాత బ్రష్షు పట్టుకుని రెండు లైట్లకూ పళ్లు తోమింది. నిజంగానే తళతళలాడాయి. పళ్లు తోమాక కారుకి కూడా నవ్వడం వచ్చిందే అని నేను వెక్కిరించాను, అందరం నవ్వుకున్నాం. వారం తిరక్కుండానే మళ్లీ పచ్చబడ్డాయి. బట్టలు కుట్టే కంపెనీలో మిషన్లన్నీ ఒక్కసారే మోగుతాయని, అక్కడ అలవాటై ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడే పిల్ల, ఇవాళ పొద్దున పనికి వెళుతూ చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుంది. గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, నేనా రోజు కారులో లేను, నన్నేమీ అడక్కండి" అని వెళ్లిపోయింది. లేకపోవడం ఎంత అదృష్టం. నేనున్నాను. ముందు సీట్లో, వాడి పక్కన, కళ్లు తెరుచుకుని ఉన్నాను.

వీళ్ల నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. పైన చిన్న గది, యంత్రం వేడి, చొక్కా విప్పేసి బనీనుతో నిలబడేవాడు. అన్నం డబ్బా పట్టుకెళితే లోపలికి రానిచ్చేవాడు గాని, యంత్రంలోంచి వెలుగు బయటికొచ్చే ఆ అద్దం జోలికి మాత్రం పోనిచ్చేవాడు కాదు. మెత్తటి గుడ్డతో తనే తుడిచేవాడు, తుడిచేటప్పుడు ఊపిరి బిగపట్టేవాడు. ఒకసారి కింద జనం ఈలలు వేశారు, తెర మీద మరక ఉందని. మేనేజరు పరుగెత్తుకొచ్చి తెరను కడిగించాలన్నాడు. ఆయన యంత్రం ఆపి అద్దం మీది ఈగను గుడ్డతో తీసేసి, మళ్లీ వేశాడు. ఇంటికొచ్చి అదే చెప్పి చెప్పి నవ్వాడు, మరకను తెర మీద వెతుకుతారే, వెలుగు వచ్చే దారిలో ఎవరూ వెతకరు అని. ఆయనుంటే ఇప్పుడు ఏమనేవాడు. కొడుకు చేతిలో కాగితం లాక్కునేవాడా, లేక తనూ ఒక కాగితం తీసుకుని రెండో లైటు దగ్గర కూర్చునేవాడా. నాకు తెలియదు. కాపురం చేసినంత మాత్రాన అన్నీ తెలుస్తాయా. ఇక్కడ ఎంత ఉక్కగా ఉంది. రేకుల కప్పు వేడెక్కింది. పాలిష్ వాసన ముక్కులో పట్టుకుంది. వీపు వెనక షట్టర్ కూడా వేడిగానే ఉంది, ఆనుకుంటే మోగుతుంది, మోగితే బయట తెలుస్తుందని ఆనుకోకుండా కూర్చున్నాను. ఎవరికి తెలిస్తే నాకేం, నా ఇంట్లో నేను దొంగలా కూర్చోవడమేమిటి.

మా చెల్లెలి ఇంటి నుంచి వస్తున్నాం ఆ సాయంత్రం. చీకటి పూర్తిగా పడలేదు, పడకుండానూ లేదు. మా చెల్లెలు వాళ్ల కోడలి మీద చెప్పిన కబుర్లన్నీ నేను మావాడికి చెబుతున్నాను, వాడు ఊ కొడుతున్నాడు. రోడ్డు మీద మా లైట్లు వేసే వెలుగు చల్లారిన టీ రంగులో ఉంది, అదీ కారుకు కాస్త ముందు వరకే. లైట్లు వేశావా అని అడిగాను కూడా. వేశానమ్మా అన్నాడు. అంతలో ఆ టీ రంగులోకి ఒక చక్రం వచ్చింది, చక్రం వెనక ఒక కాలు. ఎవరో ఒకాయన, సైకిలు ఎక్కలేదు, చేత్తో నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. మమ్మల్ని చూసినట్టే లేడు. చూసి ఉంటే ఆగేవాడు, మొహం తిప్పేవాడు, ఏదో ఒకటి చేసేవాడు. ఖాళీ రోడ్డు మీద నడుస్తున్నట్టు నడిచాడు. బ్రేకు చప్పుడు కంటే ముందు ఆయన అన్నం డబ్బా దొర్లిన చప్పుడు గుర్తుంది నాకు, మూతలు ఒక్కొక్కటే విడిపోయి, ఒకటి మాత్రం చాలా దూరం పోయింది. మావాడు దిగి పరుగెత్తాడు, ఆయన్ని ఎత్తుకుని మా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. అదీ చెప్పాలి. వాడు చెడ్డవాడు కాదు. ఆసుపత్రి దగ్గర పోలీసు అడిగినప్పుడు మాత్రం, లైట్లు బాగానే ఉన్నాయి సార్, ఆయనే చూసుకోకుండా అడ్డం వచ్చాడు అన్నాడు. భయంలో అన్నాడు. పోలీసు బంపర్ ఫొటో తీసుకున్నాడు, బండి నంబరు రాసుకున్నాడు, లైట్లు వేసి చూడలేదు. ఆ మాట అక్కడే పడి ఉండాల్సింది, ఇంటిదాకా వచ్చింది, ఇంట్లో పెరిగింది. నిన్న నా దగ్గరికొచ్చి, "అమ్మా, నువ్వు కారులో నిద్రపోతున్నావని చెప్పాను. ఎవరడిగినా అదే చెప్పు, నిన్నింక కదపరు" అన్నాడు. నా జన్మలో నేను కారులో కునుకు తీసింది లేదు. నేను మాట్లాడుతుంటే పక్కవాళ్లు కునుకు తీస్తారు గాని. ఇంతకాలం బతికి, చివరికి కొడుకు నన్ను ఒక్క మాటతో నిద్రపుచ్చేశాడు.

ఆసుపత్రికి నేను మొన్న వెళ్లాను, ఇంట్లో చెప్పకుండా. చూసి వచ్చేద్దామనుకున్నాను అంతే. ఆయన వెల్డింగ్ పనివాడట, కాలికి కట్టు కట్టి పైకి వేలాడదీశారు, చేతుల మీద నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. గుమ్మంలోంచే చూసి వెనక్కి తిరిగాను. వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలావిడ, నా అంత వయసు, పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చోకుండా ఎలా వస్తాం. ఒక బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. "మీకెవరున్నారమ్మా లోపల?" అంది. ఆవిడే చెప్పుకుంది, లోపలున్నది కొడుకట, నేను చూసిన ఆ కట్టు మనిషే. "కారు కనబడలేదంటాడమ్మా. చీకట్లోంచి ఊడిపడ్డట్టు మీదికొచ్చిందంటాడు. కారుకు లైట్లుండవా చెప్పండి? పోలీసులు నవ్వారు. పని దగ్గర మేస్త్రీ కూడా వచ్చి, ఏదో ఆలోచిస్తూ నడిచి ఉంటావులే అన్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది, చిన్నప్పటి నుంచీ పరధ్యానమే వీడికి. అదే మాట అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు, నాతో మాట్లాడ్డం లేదు." బత్తాయి తొన నోట్లో పెట్టుకున్నాను, మింగలేదు, మెట్లు దిగేదాకా అలాగే ఉంది. ఆయన చెప్పింది నిజం. కారు కనబడకపోవడమే నిజం. అది ఈ లోకంలో ఆయనకు తెలుసు, మావాడికి తెలుసు, నాకు తెలుసు. కన్నతల్లికి తెలియదు. ఇంకాస్త ఆగితే ఆయనకు కూడా అనుమానం వస్తుంది, నేనే పరధ్యానంగా నడిచానేమో అని. అందరూ ఒకే మాటంటే మనిషి ఎంతకాలం నిలబడతాడు, అదీ ఒంటికాలి మీద.

"చాల్లే అమ్మా, నీళ్లు ఆపు." నీళ్లిప్పుడు పసుపుగా లేవు, పాలలా వస్తున్నాయి, కాసేపటికి మామూలు నీళ్లే వచ్చాయి. గుడ్డతో తుడిచి, పాలిష్ రాసి, డ్రిల్లుకు స్పాంజి తగిలించి తిప్పాడు. ఆ చప్పుడుకు షట్టర్ సన్నగా వణికింది. గుడ్డ తీసేసరికి లోపలి బల్బు, బల్బు వెనక వెండి గిన్నె, గిన్నెలో తలకిందులుగా నేనూ మావాడూ. చేతిపని బాగా వచ్చింది, తండ్రి చెయ్యి, ఆ మాట అనబోయి ఆపుకున్నాను. వాడికి చూసుకోవాలనిపించింది. పక్కగా దూరి, కారు తలుపు సందులోంచి చెయ్యి పెట్టి లైట్లు వేశాడు. నేను పక్కకు ఒరిగాను. షట్టర్ మీద ఎడమవైపు గుండ్రటి తెల్లటి వెలుగు, షట్టర్ మడతలన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు వెలుగంటూ లేదు. ఒక మరక, ఎవరో టీ ఒలకబోసి తుడిచేసినట్టు. మావాడు తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ తెల్లటి వెలుగు వంక చూశాడు, మరక వంక చూశాడు. "ఇంత తేడానా" అన్నాడు. నాతో కాదు. వాడి తడి చేతుల్లోంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి. నేను ఊపిరి బిగపట్టాను, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు షట్టర్ ఎత్తేస్తాడు అనుకున్నాను. వాడు వంగి ముతక కాగితం ఒకటి తీసుకుని నీళ్లలో ముంచాడు.

అప్పుడే నాకు తెలిసింది. ఈ రెండోదాన్ని కూడా తోమేస్తే, ఆ సాయంత్రానికి సాక్ష్యంగా ఈ ఇంట్లో మిగిలేది నేనొక్కదాన్నే. అప్పుడు నేను నోరు తెరవాలి, ఎవరో కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే నా కొడుక్కి ఎదురుగా చెప్పాలి. లేకపోతే జీవితాంతం నిద్రపోయిన మనిషిగా ఉండాలి. నాకు రెండూ చేతకావు. ఆ లైటు అలాగే ఉంటే అది చెబుతుంది, నేను చెప్పక్కర్లేదు. వాడు టేపు కోసం వెనక్కి తిరిగినప్పుడు స్టూలు జరుపుకున్నాను, కుడివైపు లైటుకు వీపు ఆనించి కూర్చున్నాను. కాళ్లు ముందుకు చాపుకున్నాను. లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, షట్టర్ మీద మరక పోయి నా నీడ పడింది. మెడ కింద సన్నగా వేడి తగులుతోంది.

"అక్కడ కూర్చున్నావేంటమ్మా, లే" అన్నాడు.

"కూర్చోనీరా."

"టైమవుతోంది. ఇంకా దీని పనంతా ఉంది."

నేను పలకలేదు. ఎప్పుడూ మాట్లాడే మనిషి పలక్కపోతే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది.

"లైసెన్స్ పోతుందమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "కారు తీసి అవతల పెట్టేస్తారు. ఏం తింటాం?"

"తెలుసురా."

"నిన్నేమీ చెప్పమనలేదు కదా నేను. నిద్రపోతున్నావని కదా చెప్పాను."

"నిద్ర రావడం లేదు నాన్నా."

వాడు నన్ను పట్టుకుని లేపగలడు, బస్తా ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టగలడు, నేనెంత. రెండుసార్లు దగ్గరికొచ్చాడు, రెండుసార్లూ కాగితం పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన కాలు ఎలా ఉంది అని అడిగాడు కాసేపటికి. నేను ఆసుపత్రికి వెళ్లానని వాడికెలా తెలిసిందో. పైకి కట్టారురా అన్నాను, వాళ్లమ్మతో మాట్లాడ్డం లేదట, ఆవిడ కూడా నమ్మలేదట. వాడు తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. బేసిన్లో పసుపు అడుగుకు దిగి పైన నీళ్లు తేరుకున్నాయి, వాడు వాటిలోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు నడుము లాగుతోంది, మోకాళ్లు బిగుసుకున్నాయి, ఇంకోదానికి వెళ్లాలని కూడా ఉంది. లేస్తే ఇక అంతే. ఎంతసేపని కూర్చోగలదు ఒక ముసలిది. వీధిలో బండి ఆగిన చప్పుడైంది. స్టాండు వేసిన చప్పుడు. ఎవరో షట్టర్ మీద వేలితో తట్టారు, మర్యాదగా. ఆ తట్టడం నా ఎముకల్లోకి వచ్చింది. మావాడు లేచి నిలబడ్డాడు, నా వంక చూశాడు, చేతిలోని కాగితాన్ని చూశాడు. అది ఎండిపోయి ముడుచుకుపోయింది.

షట్టర్ ఎత్తాడు. వెలుతురంతా ఒక్కసారి మీద పడేసరికి నేను కళ్లు మూసుకున్నాను. బయట నిలబడ్డ మనిషి, చేతిలో సంచీ ఉన్నట్టుంది, "ఈ కారేనా అండీ? లైట్లు వేసే ఉన్నాయే" అన్నాడు.

"ఈ కారే సార్" అన్నాడు మావాడు. తర్వాత నా వైపు వంగాడు. వాడి చొక్కాకు పాలిష్ వాసన. "లే అమ్మా" అన్నాడు, "ఆయన ఈ లైటు చూడాలి కదా."

"లేవలేనురా, మోకాళ్లు పట్టేశాయి" అన్నాను.

వాడు నా చంకల కింద చేతులు వేశాడు.